నడినెత్తిన ధనిష్ఠ: డెల్ఫినస్ వ్యాసానికి ఒక సవరణ

సంపాదకులు గారికి నమస్కారాలు.

గత ఆదివారం మీ అనుబంధంలో ఆకాశ విశేషాల శీర్షిక కింద డెల్ఫినస్ అనే చిన్న నక్షత్రమండలాన్ని పరిచయం చేస్తూ వచ్చిన అర పేజీ వ్యాసాన్ని రెండుసార్లు చదివాను. రాజకీయాలకూ సినిమాలకూ పోగా మిగిలిన జాగాలో చుక్కలకు అర పేజీ దక్కడమే విశేషం కనుక ముందుగా అభినందనలు. అయితే అందులో మూడు పొరపాట్లు దొర్లాయి. ఈ మండలం ఉత్తరాది దేశాల వారికే బాగా కనిపిస్తుందనీ, మన వైపు వారికి అంతగా పరిచయం లేనిదనీ రాశారు. ఇందులోని ప్రధాన తారలైన సువలోసిన్, రోటనెవ్‌ల పేర్లు అరబ్బీ నుంచి వచ్చాయని రాశారు. పక్కన వేసిన బొమ్మ ఎడమ కుడిగా తిరగబడింది. బొమ్మ సంగతి చివర చెబుతాను. తక్కిన రెండింటికీ కాస్త వివరంగా జవాబు రాయక తప్పడం లేదు, ఎందుకంటే మనకు పరిచయం లేదని మీరు రాసిన ఆ మండలమే మన ధనిష్ఠ.

నేను సర్వే శాఖలో ముప్ఫై ఏళ్ళకు పైగా గొలుసూ థియోడలైటూ వెంటేసుకుని ఈ జిల్లా పొలాల గట్ల మీద తిరిగి విశ్రాంతి తీసుకుంటున్నవాణ్ని. నా జన్మ నక్షత్రం ధనిష్ఠ రెండో పాదం. నెల్లూరు రంగనాయకుల గుడిలో అర్చన చేయించినప్పుడల్లా గోత్రం చెప్పి, ఆ వెంటనే ధనిష్ఠా నక్షత్రం, మకర రాశి అని అప్పజెప్పడం చిన్ననాటి నుంచి అలవాటు. అలా అప్పజెబుతూనే పాతికేళ్ళు నిండాయి గాని, ఆ ధనిష్ఠ ఆకాశంలో ఏ మూల ఉంటుందో ఒక్కసారైనా తలెత్తి చూసింది లేదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో, చుక్కలను బట్టి నిజమైన ఉత్తర దిక్కు ఎలా తీయాలో నేర్పిన ఒక పెద్దాయన ధ్రువుణ్ని చూపించిన తరువాత, మాటవరసకు నా నక్షత్రం అడిగి, నా గడ్డం పట్టుకుని తలను పూర్తిగా వెనక్కి వంచి, ‘అదుగో, నీ నెత్తి మీదే ఉంది’ అన్నారు. ఆయన మాట ఎంత నిజమో లెక్క కట్టి చూసుకున్నది చాలా ఏళ్ళ తరువాత.

ముందు ఆ లెక్కే చెబుతాను. ఉత్తర ఆకాశపు నక్షత్రమండలం అంటే ఖగోళ మధ్యరేఖకు ఉత్తరాన ఉన్నదని అర్థం, ఉత్తరాది దేశాలవారి సొత్తు అని కాదు. ఒక చుక్క ఖగోళ మధ్యరేఖకు ఎన్ని డిగ్రీల ఉత్తరాన ఉంటుందో, భూమి మీద అన్ని డిగ్రీల ఉత్తర అక్షాంశంలో ఉన్న ఊరికి అది సరిగ్గా నడినెత్తి మీదుగా వెళుతుంది. మండలంలోని తారలను గ్రీకు అక్షరాలతో ఆల్ఫా, బీటా అని పిలుస్తారు. ఇక్కడ ఆల్ఫా అంటే సువలోసిన్, బీటా అంటే రోటనెవ్. డెల్ఫినస్‌లో అన్నిటికంటే ప్రకాశవంతమైన బీటా తార ఇప్పుడు 14 డిగ్రీల 41 నిమిషాల దగ్గర ఉంది. నెల్లూరు అక్షాంశం సుమారు 14 డిగ్రీల 27 నిమిషాలు. రెండింటికీ తేడా పావు డిగ్రీ, అంటే నిండు చందమామ వెడల్పులో సగం. కావలివారికి డెల్టా తార అదే తేడాతో నెత్తి మీద నడుస్తుంది. ఒంగోలు ఇంకొంచెం ఉత్తరాన ఉంది కనుక అక్కడ నడినెత్తి డెల్టాకూ ఆల్ఫాకూ నడుమ పడుతుంది. లండనులో ఉన్నవారు ఈ మండలాన్ని చూడాలంటే దక్షిణానికి తిరిగి, నడినెత్తికి దాదాపు 37 డిగ్రీల కింద వెతుక్కోవాలి. భూగోళం మీద ఈ చుక్కలకు నేరుగా కింద ఉన్న కొద్ది ప్రాంతాలలో మన నెల్లూరు, ప్రకాశం జిల్లాలు ఉన్నాయి. మన పత్రికలో మన పాఠకులకు చెప్పవలసిన మొదటి సంగతి ఇదే కదా!

కాగితం మీది లెక్క కన్నా కంటితో చూసిందే తృప్తి కనుక మొన్న ఒక రాత్రి మా మిద్దె మీద చిన్న ప్రయోగం చేశాను. బట్టలారవేసే దండేనికి సన్నని తెల్ల దారం కట్టి, కొసకు తాపీమేస్త్రీలు వాడే ఇనుప గుండు వేలాడదీసి, అది ఊగడం ఆగాక దాని కిందికి నవారు మంచం జరిపి, గుండుకు ఒక పక్కగా కన్ను ఉంచి దారం వెంబడి పైకి చూస్తూ వెల్లకిలా పడుకున్నాను. రాత్రి 9 గంటలు దాటి పది నిమిషాలైంది. ఒకటి రెండు మబ్బు తునకలు తప్ప ఆకాశం శుభ్రంగానే ఉంది. చిన్న పతంగిలా నాలుగు చుక్కలు, వాటికి తోకలా కింద ఒకటి, తూర్పు నుంచి మెల్లగా వచ్చి, దారం పై కొసను తాకీ తాకనట్టు దాటి పడమటికి జరిగాయి. వీధి దీపం వెలుగు కంట పడకుండా మా ఆవిడ దుప్పటి అడ్డం పట్టుకుంది. ఆ పని ఎందుకో ఆమెకు చివరి వరకు అంతుబట్టలేదు. సెప్టెంబరు నడుమ 9 గంటలు దాటాక కనిపించిన ఈ దృశ్యం రోజుకు నాలుగు నిమిషాల చొప్పున ముందుకు జరుగుతూ అక్టోబరు నడిమికి రాత్రి 7 గంటలకే కనిపిస్తుంది. ఆ తరువాత ఈశాన్య రుతుపవనాలు వస్తే మన వైపు ఆకాశం మన చేతిలో ఉండదు.

గుర్తుపట్టడం కష్టం కాదు. నడినెత్తికి కాస్త దక్షిణంగా, ఇరుపక్కలా రెండు చిన్న చుక్కలతో బాగా మెరిసేది శ్రవణ నక్షత్రం, ఇంగ్లీషు పుస్తకాలలో ఆల్టెయిర్. చేయి చాచి పిడికిలి బిగిస్తే దాదాపు పది డిగ్రీలు. శ్రవణం నుంచి ఈశాన్యంగా పిడికిలికి కొంచెం పైన కొలిస్తే ధనిష్ఠ దొరుకుతుంది. ఈ చుక్కలు అంత వెలుగైనవి కావు, అన్నిటికంటే ప్రకాశవంతమైనది కూడా నాలుగో తరగతికి దగ్గర పడుతుంది. అయినా అంత చిన్న జాగాలో నాలుగూ ఒద్దికగా కూర్చోవడం వల్ల చూపు వాటి మీదికే పోతుంది. చాచిన చేతి రెండు వేళ్ళు అడ్డం పెడితే ఆ నాలుగూ మాయమవుతాయి. ఆకాశాన్ని పంచుకున్న 88 మండలాలలో వైశాల్యాన్ని బట్టి దీనిది 69వ స్థానం. పిల్లలకోడి అని మన పల్లెలలో పిలిచే కృత్తికలను మినహాయిస్తే, ఇంత చిన్నదై ఇంత పొందికగా ఉన్న చుక్కల గుంపు నాకు మరొకటి కనబడలేదు.

ఇక పేర్ల సంగతి. మీ వ్యాసంలో నన్ను అన్నిటికంటే ఎక్కువగా కదిలించినది రెండో పొరపాటు. చుక్కల పేర్లలో ఎక్కువ భాగం అరబ్బీ నుంచి వచ్చిన మాట వాస్తవమే. పక్కనున్న ఆల్టెయిర్, డెనెబ్, వేగా అలాంటివే. ఈ మండలంలో కూడా తోక దగ్గరి ఎప్సిలాన్‌కు ఆల్‌డుల్ఫిన్ అనే పేరు డాల్ఫిన్ తోక అన్న అరబ్బీ మాట నుంచే వచ్చింది. కాని సువలోసిన్, రోటనెవ్ అనే మాటలు అరబ్బీలో లేవు, గ్రీకులో లేవు, లాటిన్‌లోనూ లేవు. ఇటలీకి దక్షిణాన సిసిలీ ద్వీపంలోని పలెర్మో వేధశాల 1814లో ప్రచురించిన నక్షత్రాల జాబితాలో ఇవి ఉన్నట్టుండి ప్రత్యక్షమయ్యాయి. అంతకు ముందు ఏ గ్రంథంలోనూ లేని ఈ రెండు పేర్లకు మూలం ఏమిటో తెలియక పండితులు చాలాకాలం తలలు పట్టుకున్నారు.

ఆ వేధశాల అధిపతి జుసెప్పె పియాజ్జి. 1801 జనవరి 1న సెరెస్ అనే మరుగుజ్జు గ్రహాన్ని కనుగొన్నది ఆయనే. ఆయన దగ్గర సహాయకుడిగా ఉండి, జాబితా తయారీలో లెక్కల చాకిరీ చేసి, 1817లో ఆయన తరువాత ఆ స్థానంలోకి వచ్చినవాడు నికొలో కచ్చతోరె. ఇటాలియన్‌లో కచ్చతోరె అంటే వేటగాడు. ఆ కాలపు విద్వాంసులు తమ పేర్లను లాటిన్‌లోకి మార్చుకుని రాసుకునేవారు కనుక నికొలో నికొలావుస్ అవుతుంది, వేటగాడు వెనాటర్ అవుతాడు. ఇక ఇంగ్లీషు అక్షరాలను ఒక్కొక్కటిగా పలుకుతూ వెనుక నుంచి చదవండి. ఎన్, ఐ, సి, ఓ, ఎల్, ఏ, యు, ఎస్ అనే నికొలావుస్‌ను తిరగేస్తే ఎస్, యు, ఏ, ఎల్, ఓ, సి, ఐ, ఎన్. అదే సువలోసిన్. వి, ఇ, ఎన్, ఏ, టి, ఓ, ఆర్ అనే వెనాటర్‌ను తిరగేస్తే ఆర్, ఓ, టి, ఏ, ఎన్, ఇ, వి. అదే రోటనెవ్. మన లిపిలో ఈ కిటుకు పనిచేయదు. గుణింతాలూ వత్తులూ ఉన్న రాతలో పేరును తిప్పితే ఇంకేదో అవుతుంది గాని ఇంత శుభ్రంగా మరో పేరు రాదు. అందుకే తెలుగులో చదివేవారికి ఈ గుట్టు తట్టే అవకాశం బొత్తిగా లేదు, అనుమానం వచ్చి ఇంగ్లీషు అక్షరాలలో రాసుకుంటే తప్ప.

ఈ ముడి విప్పినవాడు ఇంగ్లండులోని థామస్ వెబ్ అనే చర్చి గురువు. చిన్న దూరదర్శినులు ఉన్న మామూలు మనుషుల కోసం 1859లో ఆకాశ దర్శనం మీద ఆయన రాసిన పుస్తకం చాలా కాలం చేతిపుస్తకంగా చెలామణి అయింది. సహాయకుడి మీది అభిమానంతో పియాజ్జియే ఆ పేర్లు పెట్టాడని కొందరూ, సహాయకుడే చడీచప్పుడు లేకుండా ఇరికించుకున్నాడని కొందరూ అంటారు. నేను రెండో మాట వైపే మొగ్గుతాను. మా శాఖలో పాత కొలతల పుస్తకాలు తిరగేసేటప్పుడు, అంచుల్లో ఎవరికీ కనబడనంత చిన్న అక్షరాలతో తమ పేరు రాసిపెట్టుకున్న గుమస్తాలను ఎందరినో చూశాను. ఏళ్ళ తరబడి ఇంకొకరి పేరు మీద లెక్కలు కట్టినవాడికి ఎక్కడో ఒక చోట తన గుర్తు ఉండాలనిపించడం సహజం. ఈయన మాత్రం అంచులో కాదు, ఏకంగా ఆకాశంలోనే రాసుకున్నాడు. అంతర్జాతీయ ఖగోళ సంఘం 2016లో ఈ రెండు పేర్లనూ అధికారికంగా ఆమోదించడంతో ఆ రాత ఖాయమైపోయింది. సుమారు 250 కాంతి సంవత్సరాల దూరాన ఒకటి, 100 కాంతి సంవత్సరాల దూరాన మరొకటి ఉన్న రెండు నక్షత్రాలకు, రెండు శతాబ్దాల కిందటి సిసిలీ సహాయకుడి పేరును వెనుక నుంచి పలకడమే లోకం అంతటికీ ఆనవాయితీ అయింది.

మండలానికి డెల్ఫినస్ అన్న పేరు మాత్రం చాలా పాతది. క్రీస్తు శకం రెండో శతాబ్దంలో టాలెమీ చెప్పిన 48 మండలాలలో ఇది ఒకటి. దీనికి గ్రీకుల కథలు రెండున్నాయి. సముద్ర దేవుడు పొసైడన్ ఆంఫిట్రైట్‌ను వరించగా ఆమె దాగుకున్నదనీ, ఆమెను వెతికి ఒప్పించి తెచ్చిన డాల్ఫిన్‌కు బహుమానంగా ఆకాశంలో చోటిచ్చాడనీ ఒకటి. అరియన్ అనే గాయకుడు సంపాదించిన ధనంతో ఓడ ఎక్కితే నావికులే అతణ్ని చంపి సొమ్ము కాజేయాలనుకున్నారనీ, చివరిసారి పాడి సముద్రంలో దూకిన అతణ్ని ఒక డాల్ఫిన్ వీపున మోసుకుని ఒడ్డుకు చేర్చిందనీ రెండోది. ఈ రెండో కథను చరిత్రకారుడు హెరోడోటస్ కూడా చెప్పాడు. ఈ మండలంలోనే 18వ నంబరు తారకు మ్యూజికా అనీ, దాని చుట్టూ తిరిగే గ్రహానికి అరియన్ అనీ 2015లో పేర్లు పెట్టారు. డెల్ఫిస్ అన్న గ్రీకు మాటకు ఆ భాషలోనే గర్భం అనే అర్థమున్న మాటతో చుట్టరికం ఉంది. చేపలా కనబడుతూ గుడ్లు పెట్టక పిల్లను కని పాలిచ్చే ప్రాణి అని గ్రీకులు గమనించారు. మన ‘గర్భ’ శబ్దాన్ని కూడా అదే మూలానికి చుట్టంగా చూపే భాషాశాస్త్రజ్ఞులు ఉన్నారు.

ఇప్పుడు మన పేరుకు వస్తాను. ధనిష్ఠ అన్నది బలిష్ఠ, గరిష్ఠ, కనిష్ఠ అనే మాటల వరసలోనిది. బలం మిక్కిలిగా కలది బలిష్ఠ అయినట్టే, ధనం మిక్కిలిగా కలది ధనిష్ఠ. ఈ నక్షత్రానికి అధిదేవతలు అష్టవసువులు. వసువు అన్న మాటకే ధనం అన్న అర్థం ఉంది, భూమిని వసుధ, వసుంధర అనడం అందుకే. దేవతల పేరే నక్షత్రం పేరులోకి తర్జుమా అయిందన్నమాట. అయితే ఇది దీనికి మొదటి పేరు కాదు. వేద సాహిత్యంలో దీని పేరు శ్రవిష్ఠ. శ్రవస్ అంటే కీర్తి, వినికిడి. శ్రవిష్ఠ అంటే మిక్కిలి పేరుగాంచినది. నక్షత్రాలను బట్టి మనుషులకు పెట్టే పేర్ల గురించి పాణిని చెప్పిన సూత్రంలోనూ ఉన్నది శ్రవిష్ఠే. పక్కనున్న నక్షత్రం శ్రవణం కావడంతో పలుకుబడిలో రెండూ తికమక పడటం తేలిక. ఆ ఇబ్బంది వల్లనో, వసువుల మహిమ వల్లనో, రానురాను కీర్తి వెనకబడి ధనం మిగిలింది. ఇది నా ఊహ మాత్రమే, పండితులు క్షమించాలి.

మిక్కిలి పేరుగాంచినది అనడంలో అతిశయం లేదు. లగధుడి వేదాంగ జ్యోతిషంలో ఐదేళ్ళ యుగం మొదలయ్యేది ఈ నక్షత్రం దగ్గరే. సూర్యచంద్రులిద్దరూ ధనిష్ఠ ఆరంభంలో కలిసినప్పుడు, మాఘ శుద్ధ పాడ్యమి నాడు, ఉత్తరాయణం మొదలవుతుందని అక్కడ ఉంది. నేడు సూర్యుడు ఉత్తరానికి తిరిగేది డిసెంబరు 21, 22 తేదీలలో. ఆ రోజున పంచాంగం తీసి చూస్తే సూర్యుడు మూలా నక్షత్రంలో ఉంటాడు. భూమి ఇరుసు బొంగరంలా మెల్లగా దిశ మార్చుకోవడం వల్ల సుమారు 72 ఏళ్ళకు ఒక డిగ్రీ చొప్పున, అంటే 950 ఏళ్ళకు పైచిలుకు కాలంలో ఒక నక్షత్రం చొప్పున, అయన బిందువు, అంటే సూర్యుడు ఉత్తరానికి తిరిగే చోటు, వెనక్కి జరుగుతుంది. ధనిష్ఠ మొదటి నుంచి నేటి చోటికి దాదాపు మూడున్నర నక్షత్రాల ఎడం. గుణిస్తే 3,300 నుంచి 3,400 ఏళ్ళు వస్తాయి. ఎవరో ఒకరు అన్ని శతాబ్దాల కిందట చలికాలపు రాత్రులలో ఆకాశం చూసి రాసిపెట్టుకున్న పరిశీలన అది. ఆరో శతాబ్దంలో వరాహమిహిరుడు తన బృహత్సంహితలో, పూర్వ శాస్త్రాలలో ఉత్తరాయణం ధనిష్ఠ మొదట్లో అని ఉన్నా తన కాలంలో అది మకరం మొదట్లో అవుతున్నదని, కంటితో చూసి పోల్చుకోమని చెప్పాడు. పాత పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు ఒప్పుకోకుండా ఆకాశాన్ని చూడమన్న ఆ మాటను మన పంచాంగకర్తలలో ఎందరు పట్టించుకుంటున్నారో నేను అడగను.

ఇక్కడ ఒక చిక్కుముడి విప్పాలి. ధనిష్ఠ మకర కుంభాలలో ఉన్న నక్షత్రం కదా, డెల్ఫినస్ ఎలా అవుతుందని ఎవరైనా అడగవచ్చు. చంద్రుడు నడిచే దారిని 27 సమ భాగాలు చేసి, ఒక్కొక్క భాగానికి 13 డిగ్రీల 20 నిమిషాల చొప్పున పంచి, ఆ భాగానికి సూటిగా ఉన్న చుక్కల పేరు పెట్టారు. ధనిష్ఠ భాగంలో మొదటి రెండు పాదాలు మకరంలోనూ, తక్కిన రెండు కుంభంలోనూ పడతాయి. చుక్కలు మాత్రం ఆ దారికి ఉత్తరంగా దాదాపు 32 డిగ్రీల దూరాన ఉన్నాయి. చంద్రుడు సూర్యమార్గానికి అటూ ఇటూ దాదాపు 5 డిగ్రీలకు మించి తొలగడు కనుక, ధనిష్ఠలో చంద్రుడు ఉన్నాడని పంచాంగం చెప్పిన రాత్రి కూడా ఆయన ధనిష్ఠ చుక్కల దరిదాపులకు రాడు. ఊరికి దూరంగా ఉన్న గుట్ట పేరును రోడ్డు మీది బస్‌స్టాపుకు పెట్టినట్టన్నమాట. ఫిబ్రవరి మొదటి వారంలో వచ్చే ధనిష్ఠ కార్తె కూడా ఈ లెక్కదే, సూర్యుడు ఆ భాగంలోకి అడుగు పెట్టాడని దాని అర్థం.

ముహూర్త గ్రంథాలు ధనిష్ఠకు నాలుగు చుక్కలనీ, ఆకారం మద్దెల అనీ చెబుతాయి. ఆ నాలుగు చుక్కలను కలిపి చూడండి, నడుమ ఉబ్బి రెండు కొసలా సన్నబడిన మద్దెల కనబడుతుంది. నా కళ్ళకు డాల్ఫిన్ కన్నా మద్దెలే తొందరగా కనిపించింది. అరియన్ పాటకు మన మద్దెల ఎక్కడో ఆకాశంలో జత కలిసిందని ఒక్క క్షణం మురిసిపోయిన మాట కూడా ఒప్పుకుంటున్నాను. అలాగే మన పురాణాలలోనూ ఆకాశంలో ఒక జలచరం ఉంది, శింశుమార చక్రం. ఆ మాటకు కొందరు మొసలి అనీ కొందరు డాల్ఫిన్ అనీ అర్థం చెబుతారు. అంతమాత్రాన అదే డెల్ఫినస్ అని పొరబడకూడదు. శింశుమారం ధ్రువుణ్ని తోక కొసన పెట్టుకుని ఆకాశమంతా పరుచుకున్న రూపం. భాగవతం పంచమ స్కంధంలో ఆ రూపం ఒంటి మీద నక్షత్రాలను ఉంచిన చోట, ధనిష్ఠ దాని కుడి చెవి అయింది.

ఇంత గొప్ప పేరున్న నక్షత్రం మన ఇళ్ళలో ఏ సందర్భంలో వినబడుతుందో అందరికీ తెలుసు. ధనిష్ఠ రెండో సగం నుంచి రేవతి వరకు ధనిష్ఠా పంచకం అని పేరు పెట్టి, ఆ రోజులలో ఎవరైనా పోతే ఇల్లు ఖాళీ చేయాలంటారు. నాకు తొమ్మిదో ఏట మా నాయనమ్మ ధనిష్ఠ మూడో పాదంలో పోయింది. పెద్దల మాట మీద ఆరు నెలలు ఇంటికి తాళం వేసి మేమంతా గొడ్ల కొట్టం పక్కన వేసిన తాటాకు పందిట్లో కాపురం చేశాం. తొందరలో గాదెలోని మొలగొలుకుల విత్తనపు వడ్లు బయటికి తీయడం ఎవరికీ గుర్తు రాలేదు. గుర్తొచ్చినప్పుడు తలుపు తీయడానికి ఒప్పుకున్నవారు లేరు. ఆరు నెలల తరువాత తలుపు తీస్తే గాదె అడుగున ఊకా, ఎలుకల పెంటా, చెదలు కట్టిన మట్టీ మిగిలాయి. మా నాన్న పిడికెడు ఊక తీసి అరచేతిలో పోసుకుని, ఊదితే ఎగిరిపోవడం చూసి, ఏమీ అనకుండా చేతులు దులుపుకున్నారు. ఆ ఏడు విత్తనం అప్పు తెచ్చుకున్నాం. ధనం మిక్కిలిగా కలది అని ఆ పేరుకు అర్థమని పెద్దయ్యాక తెలిసినప్పుడు నాకు మొదట గుర్తుకు వచ్చింది ఆ ఊకే. ఆచారం పాటించేవారితో తగవు పెట్టుకోవడానికి ఇది రాయడం లేదు. ఇంటికి తాళం వేయించగలిగినంత దగ్గరి చుట్టమైన నక్షత్రాన్ని మనకు పరిచయం లేనిదని మీరు రాసినందుకు రాస్తున్నాను.

కాబట్టి మీకు నా విన్నపం. ఇకపై ఈ మండలం గురించి రాసినప్పుడు ముందు ధనిష్ఠ అని రాసి, తరువాత డెల్ఫినస్ అనండి. ఆల్టెయిర్ పక్కన శ్రవణం, స్పైకా పక్కన చిత్త, ఆంటారెస్ పక్కన జ్యేష్ఠ కూడా రాయండి. ఇది కొత్త కోరిక కాదు. తెలుగు బైబిలులో యోబు గ్రంథం 38వ అధ్యాయం తీసి చూడండి, అక్కడ అనువాదకులు గ్రీకు పేర్లు దింపుకోకుండా కృత్తిక, మృగశీర్ష అనే రాశారు. పాఠకుడికి తెలిసిన చుక్కను తెలిసిన పేరుతో చూపడం వారికి అంత సహజంగా తోచింది. అన్నట్టు, ఈ ధనిష్ఠ చుక్కల పతంగిని ఇంగ్లీషులో యోబు శవపేటిక అని కూడా అంటారు, ఆ యోబు పేరు మీదే. ఆ గ్రంథమంతా వెతికినా శవపేటిక ఊసు లేదు. అంతర్జాతీయ ఖగోళ సంఘం కూడా మన పేర్లను కాదనలేదు. 2017లో మేషంలోని ఒక తారకు భరణి అనీ, మీనంలోని ఒక తారకు రేవతి అనీ అధికారికంగా పేర్లు పెట్టింది. ధనిష్ఠ ఆ పట్టికలోకి చేరలేదు, బీటా తార మీద అప్పటికే ఇటలీ వేటగాడు తిరగబడి కూర్చున్నాడు కనుక. అక్కడ చోటు లేకపోతే పోనివ్వండి, మీ ఆదివారం అనుబంధంలో ఉంటే చాలు.

చివరగా బొమ్మ సంగతి. మీరు వేసిన పటంలో పైన ఉత్తరం, ఎడమన తూర్పు అని సరిగానే గుర్తించారు గాని, చుక్కలు అద్దంలో చూసినట్టు తిరగబడ్డాయి. తోక చివరి ఎప్సిలాన్ ఎడమ పక్కకు, అంటే ఆగ్నేయానికి పడింది. అది పతంగికి నైరుతిలో, శ్రవణం వైపు చూపుతూ ఉండాలి. అచ్చు వేసేటప్పుడు ఫిల్ము తిరగేసి పెట్టారో, కంప్యూటరులో ఎవరైనా పొరపాటున మీట నొక్కారో తెలియదు. తిరగేసిన పేరును వెనుక నుంచి చదువుకోవచ్చు గాని, తిరగేసిన పటం పట్టుకుని మిద్దె ఎక్కిన పిల్లలకు ధనిష్ఠ దొరకదు. ఈశాన్య వానలు మొదలు కాకముందే, వీలైతే వచ్చే ఆదివారమే, పటాన్ని సరిచేసి మళ్ళీ అచ్చు వేయగలరు.

ఇట్లు,
ఒక విశ్రాంత సర్వేయరు,
నెల్లూరు.